ఊట ఎక్కడ పుడుతుంది?

(విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పొద్దున బయల్దేరే ముందు ఇంట్లో కుళాయి తిప్పి ఈ సీసా నింపుకొచ్చాను. మీ ఇళ్ళలో చాలామందికి వచ్చేవీ ఈ నీళ్ళే. ఎక్కడివి ఇవి అని అడిగితే కార్పొరేషన్‌వి అంటాం. మరి కార్పొరేషన్‌కి ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఏలేరు కాలువ నుంచి కొన్ని, మేఘాద్రిగెడ్డ నుంచి కొన్ని, రైవాడ నుంచి కొన్ని, తాటిపూడి నుంచి కొన్ని. తాటిపూడి జలాశయం గోస్తని మీద కట్టింది. రైవాడ శారద మీద కట్టింది. ఈ రెండు నదులూ పుట్టేది అనంతగిరి కొండల్లోనే. అంటే ఈ సీసాలో నీళ్ళలో ఒక పాలు మొన్నమొన్నటి దాకా ఏదో కొండ లోపల చీకట్లో, మట్టి రేణువుల సందుల్లోంచి దారి చేసుకుంటూ నడిచింది. ఎన్నాళ్ళు నడిచింది, ఏ దారిన వచ్చింది, ఆ దారి ఇంకా బాగానే ఉందా? ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది దీని గురించే.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం చాలా పెద్దది. పర్వత ప్రాంతాల్లో శాస్త్ర పరిశోధన అన్నారు. ఆ మాట వినగానే అందరికీ హిమాలయాలే గుర్తొస్తాయి. 2021 ఫిబ్రవరి 7న చమోలీ జిల్లాలో రోంటి శిఖరం పక్కనుంచి రాయీ మంచూ కలిసి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు ఒక్కసారి ఊడి లోయలో పడిన సంగతి మీకు తెలుసు. రెండు వందల మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడి పరిశోధన గురించి మాట్లాడడానికి నాకంటే యోగ్యులు ఉన్నారు. నేను మన కొండల దగ్గరే ఉంటాను. ఇక్కణ్ణుంచి మూడు గంటల ప్రయాణం, రోజూ రైలు వెళ్తుంది. అయినా వాటి గురించి మనకు తెలిసింది, తెలియాల్సిన దాంట్లో చిన్న ముక్క. అది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

ముందు ఈ రాయి చూడండి. చేతులు మారుస్తూ వెనక వరస దాకా పంపండి. తొందర లేదు, ఒక్కొక్కరూ వెలుతురులో తిప్పి చూడండి. ఎర్రగా దానిమ్మ గింజల్లా కనిపిస్తున్నవి గార్నెట్లు. తెల్లగా పీచులా ఉన్నది సిల్లిమనైట్. వేలికి నల్లగా అంటే రేకులు గ్రాఫైట్, మీ పెన్సిల్లో ఉండేదే. ఈ రాయి పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి ప్రాంతం గురించి రాస్తూ ఈ పేరు పెట్టాడు. ఆ కొండల్లో ఉండే ఖోండులు, మనవైపు కొందులు అంటాం, వాళ్ళ పేరు మీదే పెట్టాడు. దీని పక్కనే కనిపించే ఇంకో రాయి చార్నొకైట్. దానిదీ చిత్రమైన కథే. కోల్‌కతాలో జాబ్ చార్నాక్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సమాధి రాయిని చూసి హాలండ్ అనే ఆయన ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివినా ఈ రెండు పేర్లూ చదవాల్సిందే. ఒక పేరు సమాధి రాయి నుంచి వచ్చింది, ఇంకోటి ఇప్పటికీ ఆ కొండల మీద బతుకుతున్న మనుషులది. నాకు రెండోదంటే గౌరవం ఎక్కువ.

ఖోండలైట్ మొదట రాయి కాదు, బంకమట్టి. ఏదో పాత సముద్రం అడుగున పేరుకున్న బురద. ఆ గ్రాఫైట్ రేకుల్లోని కార్బన్ ఆనాటి సూక్ష్మజీవులదే అయి ఉంటుందని చాలామంది భావిస్తారు. ఆ బురద భూమి లోపలికి ఇరవై అయిదు, ముప్ఫై కిలోమీటర్ల లోతుకు వెళ్ళి, వెయ్యి డిగ్రీల దగ్గర ఉడికింది. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందటి మాట ఇది. మన పాడేరు, అనంతగిరి చుట్టుపక్కల రాళ్ళలో సాఫిరిన్ అనే ఖనిజం దొరుకుతుంది. ఈ రాళ్ళలో అది క్వార్ట్జ్‌ని ఆనుకుని కనిపిస్తే, అంత వేడి తగిలిందని సాక్ష్యం. దీనికోసం జపాన్ నుంచి, యూరప్ నుంచి కూడా పరిశోధకులు మన ఏజెన్సీ రోడ్ల మీద సుత్తి పట్టుకుని తిరిగారు. ఇవే రాళ్ళు తూర్పు అంటార్కిటికాలోనూ ఉన్నాయి. అప్పట్లో రెండూ ఒకటే నేల. విడిపోయి పదమూడు కోట్ల ఏళ్ళయింది.

హిమాలయాలు పుట్టడం మొదలై అయిదు కోట్ల ఏళ్ళు. ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, విరుగుతూనే ఉన్నాయి. మనవి ఆ వయసు ఎప్పుడో దాటేశాయి. ముప్ఫై కిలోమీటర్ల లోతులో ఉడికిన రాయి ఇవాళ మన చేతిలో ఉందంటే, పైనున్న ముప్ఫై కిలోమీటర్లూ అరిగి కొట్టుకుపోయాయన్నమాట. ఇంత అరిగాక కూడా అర్మకొండ 1680 మీటర్లు ఉంది. తూర్పు కనుమల్లో బాగా ఎత్తయిన శిఖరాల్లో అదొకటి.

అరిగినదంతా ఎక్కడికి పోయింది అనుకుంటున్నారా? భీమిలి వెళ్ళినప్పుడు ఇసుక జాగ్రత్తగా చూడండి. అల వెనక్కి తీసుకున్నాక తడి ఇసుక మీద నల్లగా, వంగపండు రంగులో చారలు కనిపిస్తాయి. గుప్పెడు తీసి అరచేతిలో పరిస్తే, ఇందాక ఈ రాయిలో చూసిన ఎర్ర గింజలే అక్కడా కనిపిస్తాయి. గార్నెట్లు. అరకు రైల్లో వెళ్తూ కిటికీలోంచి చూసే కొండే ఆ చారల్లోనూ ఉంది. ఎర్రమట్టి దిబ్బల ఎరుపూ ఇదే వంశం. గోస్తని సముద్రంలో కలిసేది కూడా భీమిలి దగ్గరే. నీరూ ఇసుకా కలిసి నడిచి ఒకే ఊరు చేరాయి.

ఇప్పుడు నీళ్ళ సంగతికొస్తాను. తాజా ఖోండలైట్, అంటే గాలీ వానా తగలని రాయి, నీళ్ళు తాగదు. దాంట్లో ఖాళీ లేదు. కానీ లక్షల ఏళ్ళు వానలో నానితే మెత్తబడుతుంది. కోణార్క గుడి చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. అది పదమూడో శతాబ్దంలో ఎక్కువగా ఖోండలైట్‌తో కట్టిన గుడి. ఏడెనిమిది వందల ఏళ్ళకే బొమ్మల ముక్కూ మొహం కరిగిపోయాయి. గుడికి అది నష్టం. కొండకు అదే ప్రాణం. మెత్తబడిన రాయి సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. మన కొండల పైపొర, ఒకచోట అయిదు మీటర్లు, ఒకచోట ముప్ఫై మీటర్లు, ఇలా మెత్తబడిన రాయే. దాని కిందే గట్టి రాయి. మధ్యలో చాలాచోట్ల తెల్లటి సుద్దమట్టి పొర. పైన పడిన వాన మెత్తటి పొరలోకి దిగుతుంది, సుద్దమట్టి దగ్గర ఆగుతుంది, పక్కకు జరుగుతుంది, వాలులో ఎక్కడ ఆ గీత బయటపడితే అక్కడ ఊటగా వస్తుంది. ఆ ఊటలే కలిసి గెడ్డ, గెడ్డలు కలిసి నది.

ఒక లెక్క చెప్తాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఏడాదికి 1200 మిల్లీమీటర్లు పడే కొండ మీద ఒక హెక్టారు నేలకు వచ్చేవి కోటీ ఇరవై లక్షల లీటర్లు. అందులో పదో వంతు లోపలికి దిగినా పన్నెండు లక్షలు. ఎంత దిగుతుందన్నది నేలను బట్టి, చెట్టును బట్టి, వాన తీరును బట్టి మారుతుంది. గంటలో దంచికొట్టిన వాన, రోజంతా జల్లుగా పడిన వాన, మిల్లీమీటర్లలో సమానమే అయినా ఊటకు సమానం కాదు.

ఊటను కొలవడం ఎలాగో చూపిస్తాను. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పది లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఊట నీళ్ళన్నీ ఒక అరటిదొప్ప మీదుగానో గొట్టం మీదుగానో బకెట్లో పడేట్టు చేసి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. నేను చాలాకాలంగా చూస్తున్న ఒక ఊట ఉంది. ఊరి పేరు చెప్పను. నవంబరులో పది లీటర్లు నలభై సెకన్లకు నిండుతుంది. అంటే నిమిషానికి పదిహేను లీటర్లు, రోజుకు 21,600. జల జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు అనుకుంటే దాదాపు 390 మందికి సరిపోతాయి. అదే ఊట మే నెలలో నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. రోజుకు 3600 లీటర్లు. 65 మందికి. ఊరు రెండు వందల మంది. నవంబరులో వచ్చి చూసిన ఇంజనీరు ఈ ఊరికి నీళ్ళ కరువు లేదని రాసుకుపోతాడు. అతను చూసింది అబద్ధం కాదు. చూసిన రోజు వేరు, అంతే.

ఆ ఊరిలో ఒక పెద్దావిడ ఉండేది. ఇంట్లో కొందుల కువి భాష, సంతలో మాతో తెలుగు. నేను జులైలో వాన పడుతుంటే ఊట దగ్గర కూర్చుని కొలుస్తుంటే వచ్చి అంది. "బాబూ, వాన కురిసిన రోజున ఇది పెరగదు. చోళ్ళు కోసినప్పుడు పెరుగుతాది. గెడ్డ అవతలది చూడు, అది వానతో వస్తాది వానతో పోతాది." మూడేళ్ళు కొలిచాక గీసిన గ్రాఫులో సరిగ్గా అదే వచ్చింది. ఈ ఊట వానకు రెండు నెలలు వెనక. అవతలి ఊట రెండు రోజులు వెనక. మొదటిది మెత్తటి రాతి పొరంతా నానాక వచ్చే నీరు. రెండోది పగుళ్ళలోంచి నేరుగా దూకే నీరు. చోళ్ళ, అంటే రాగుల, కోతను కొలబద్దగా పెట్టుకుని ఆవిడ చెప్పింది, నేను వారాల్లో చెప్పాను. పరిశోధన పత్రాల్లో ఆ మాటను స్థానిక పరిజ్ఞానం అని ఒక వాక్యంలో పెట్టేసి వదిలేస్తారు. నా మటుకు అది మొదటి పరిశీలన. మేం చేసింది దాన్ని రుజువు చేయడం.

బకెట్ తర్వాత చిన్న మీటరు. నీళ్ళలో ముంచితే విద్యుత్తును ఎంతమేరకు పోనిస్తుందో చెప్తుంది. వాన నీళ్ళలో ఉప్పులు దాదాపు ఉండవు, అంకె చాలా చిన్నగా వస్తుంది. ఖోండలైట్ ఊటల్లో వందకు లోపలే చూస్తుంటాం. బొర్రా వైపు చలువరాతి లోంచి వచ్చే నీళ్ళలో అదే మూడు నాలుగు వందలకు పోతుంది, సున్నం కరిగి ఉంటుంది కాబట్టి. పక్కపక్కనే ఉన్న రెండు ఊటలకు అంకెలు వేరువేరుగా వచ్చాయంటే లోపల దారులు వేరని అర్థం. పెద్ద వాన పడ్డాక అంకె గబుక్కున పడిపోతే, కొత్త నీరు నేరుగా దిగుతోందని అర్థం. అలాంటి ఊటకు పైన పశువులు తిరిగినా, మరుగుదొడ్డి గుంత తవ్వినా వారంలో ఆ మురికి బిందెలోకి వస్తుంది.

ఇంకో పద్ధతి ఐసోటోపులు. దీనికి ల్యాబ్ కావాలి. ఆక్సిజన్ పరమాణువుల్లో అయిదు వందల్లో ఒకటి కొంచెం బరువైనది. మేఘం కొండెక్కే కొద్దీ బరువైన నీరు ముందే కురిసిపోతుంది. పైకి పోయే కొద్దీ వాన తేలికవుతుంది. వంద మీటర్ల ఎత్తుకు వెయ్యికి 0.2 నుంచి 0.3 వంతు తేడా. ఊట నీటిని పరీక్షించి, ఇది ఏ ఎత్తులో కురిసిన వానో అంచనా కడతారు. హిమాలయాల్లో రెండు మూడు వేల మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది కాబట్టి ఇది బాగా పనికొస్తుంది. మన దగ్గర ఊటకూ శిఖరానికీ మధ్య మూడు వందల మీటర్లు ఉంటే గొప్ప. ఒకే నెలలో రెండు వాయుగుండాలు తెచ్చిన వానల మధ్య తేడాయే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే విద్యార్థులకు ఒక మాట చెప్తుంటాను. హిమాలయాల మీద రాసిన పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ వేయకండి. రాయి నడిచి చూడండి, పొర ఎటు వాలుందో దిక్సూచితో చూడండి, ఆ తర్వాతే శాంపిల్ పంపండి.

పొర వాలు అన్నాను కదా, అది ముఖ్యం. ఊట కొండకు తూర్పువైపు వస్తే, దానికి నీళ్ళిచ్చే నేల కూడా తూర్పువాలే అనుకుంటాం. రాతి పొరలు పడమటి నుంచి తూర్పుకు వాలి ఉంటే, కొండకు పడమటి వాలు మీద పడిన వాన లోపల్నుంచి దాటి ఇవతల రావచ్చు. అప్పుడు ఊట ఈ ఊరిది, దాని తల్లి వేరు ఊరి పొలంలో ఉంటుంది. సిక్కింలో 2008లో మొదలైన ధారా వికాస్ పనిలో ఇదే చేశారు. ఎండిపోతున్న ఊట దగ్గర కాకుండా, రాయి చూసి, నీరు దిగే నేల ఎక్కడుందో పట్టుకుని అక్కడ కందకాలు, గుంతలు తవ్వారు. 2018లో నీతి ఆయోగ్ నివేదిక దేశంలో యాభై లక్షల ఊటలు ఉండొచ్చని, అందులో ముప్ఫై లక్షలు హిమాలయాల్లోనే అని అంచనా వేసింది. మిగిలిన ఇరవై లక్షల్లో మన కనుమలవీ ఉన్నాయి. వాటికి పేర్లు లేవు, చాలావాటికి మ్యాపులో చుక్క కూడా లేదు.

ఇప్పుడు చెప్పేది చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ఊరికి వెళ్ళాను. ఎండాకాలంలోనూ ఆగని ఊట. దాన్నుంచి పైపు వేసి ఊళ్ళోకి కుళాయిలు ఇవ్వాలని పని మొదలైంది. మంచి ఆలోచన, పంపు అక్కర్లేదు, వాలుకి నీరు దానంతటదే దిగుతుంది. అయితే నీళ్ళు ఇంకా ఎక్కువ రావాలని పొక్లెయిన్ తెప్పించి ఊట అడుగు తవ్వుతున్నారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. గుంతలో తెల్ల సుద్దమట్టి కనిపించింది. ఇంకో అడుగు దిగితే అది తెగుతుందని అనిపించింది. చెప్పాను కూడా. "ఎలా తెలుసు సార్, కొలతలేమైనా ఉన్నాయా" అని అడిగారు. నా దగ్గర ఆ పొద్దున తీసుకున్న ఒకే ఒక్క కొలత ఉంది. ఇంకేం మాట్లాడలేకపోయాను. సాయంత్రానికి మట్టి తెగింది. రెండు రోజుల్లో ఊట ఆగింది. వారం తర్వాత నలభై మీటర్ల కింద, గెడ్డ ఒడ్డున రాళ్ళలోంచి అదే నీరు వచ్చింది. ఊరికి దిగువన. పైపు ఎక్కదు. ఆడవాళ్ళు మళ్ళీ బిందెలెత్తుకుని దిగడం మొదలుపెట్టారు, ఇదివరకటి కంటే ఎక్కువ దూరం. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా మొదటి కొలత తీసుకున్నాక, రెండోది ఎవరు తీస్తారో తేల్చకుండా ఊరు వదలడం మానేశాను.

అల్యూమినియం తీసే ముడిరాయి బాక్సైట్ గురించి కూడా ఈ పొరల కథలోంచే చూడాలి. ఖోండలైట్ కొండల తల మీద, వెయ్యి మీటర్ల చుట్టుపక్కల ఎత్తులో, లక్షల ఏళ్ళ వాన మిగతా ఖనిజాల్ని కడిగేసి అల్యూమినియం, ఇనుము మాత్రం మిగిల్చింది. పైన లేటరైట్ అనే గట్టి పెంకు, కింద బాక్సైట్, దాని కింద సుద్దమట్టి, ఆ కింద రాయి. కోరాపుట్‌లో పంచపట్మలి మీద 1980ల నుంచి తవ్వుతున్నారు. మనవైపు గాలికొండ, రక్తకొండ, జెర్రెల పేర్లు మీరు పేపర్లలో చదివే ఉంటారు. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పులో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసుల నేలను, ప్రభుత్వ నేలను కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. చట్టం సంగతి చట్టం తెలిసినవాళ్ళు చెప్పాలి. నేను రాయి తెలిసినవాణ్ణి, రాయి వైపు నుంచి చెప్తాను.

ఆ కొండల తల బోడిగా ఉంటుంది. గడ్డి, అక్కడక్కడ చిన్న పొదలు. చూసేవాళ్ళకు పనికిరాని నేలలా కనిపిస్తుంది. నిజానికి కొండ మొత్తంలో వాన నీరు తేలిగ్గా దిగేది అక్కడే. రంధ్రాలతో నిండిన పొర, కింద నీరు ఆపే సుద్దమట్టి. తవ్వితే ఊటలు ఎండుతాయని ఒకరంటారు. పైపెంకు తీసేస్తే నీరు ఇంకా బాగా ఇంకుతుందని ఇంకొకరంటారు. ఇద్దరి వెనకా తర్కం ఉంది. కానీ నా అభిప్రాయం నాకు స్పష్టంగా ఉంది. నీటిని దాచే పొరను తీసేశాక, ఏడాదిలో ఎంత ఇంకింది అనే లెక్కతో ఊరికి పని లేదు. మే నెలలో బకెట్ ఎన్ని నిమిషాలకు నిండుతోంది అన్నదే లెక్క. ఆ కొండ చుట్టూ ఉన్న ప్రతి ఊటనూ కనీసం పదేళ్ళపాటు కొలిచిన పుస్తకం బల్ల మీద పెట్టకుండా ఏ కొండ తల మీదా యంత్రం ఎక్కకూడదు. ఆ పుస్తకం తేవాల్సిన బాధ్యత తవ్వుతామన్నవాళ్ళది, ఊళ్ళోవాళ్ళది కాదు.

ఇదే గీత గురించి ఇంకో సంగతి. మెత్తటి పొరకూ గట్టి రాయికీ మధ్య నీరు నిలిచే చోటే ఊట పుడుతుంది అన్నాను. కొండ జారేది కూడా చాలాసార్లు ఆ గీత మీదే. రోజుల తరబడి వాన పడితే పైపొర బరువెక్కుతుంది, కింద నీటి ఒత్తిడి మట్టిని రాతి నుంచి ఎత్తి పట్టుకుంటుంది, వాలు ఎక్కువైతే మొత్తం జారుతుంది. 2024 జులై 30న వయనాడ్‌లో అంత దారుణం జరిగింది కూడా వానకు నానిన మట్టి వాలు ఊడిరావడం వల్లే. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ అనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో విడుదల చేసిన కొండచరియల అట్లాసులో 1998 నుంచి 2022 దాకా దేశంలో జారిన సుమారు 80 వేల చోట్ల గుర్తులున్నాయి. ఉపగ్రహం జారిన తర్వాత చూస్తుంది. జారకముందు చూసేది అక్కడ ఉండే మనిషి. ఎప్పుడూ లేనిచోట కొత్త ఊట వచ్చినా, తేటగా ఉండే ఊట ఉన్నట్టుండి బురదగా మారినా, చెట్లు పక్కకు ఒరిగినా, వెంటనే ఆ వాలు కిందనుంచి జనాన్ని తప్పించాలి. రోడ్డు కోసం కొండ పాదం కోసినచోట ఇది మరీ ముఖ్యం. మీలో ఉపాధ్యాయులున్నారు. ఏజెన్సీ పాఠశాలలకు బదిలీ అయినప్పుడు ఈ ఒక్క సంగతి పిల్లలకు చెప్పండి, చాలు.

చెట్ల గురించి తొందరగా చెప్పి ముందుకెళ్తాను. చెట్లు నాటితే నీళ్ళు పెరుగుతాయి అని అందరూ అంటారు. పూర్తిగా నిజం కాదు. చెట్టు నీరు తాగుతుంది. గడ్డినేల మీద ఒత్తుగా తోట వేస్తే ఏడాది మొత్తం గెడ్డలో పారే నీరు తగ్గుతుందని ఎన్నో దేశాల్లో కొలిచి చూపించారు. అయితే మట్టిని వదులుగా ఉంచి, ఆకులతో కప్పి, వానను లోపలికి పంపేదీ చెట్టే. తొక్కిడికి గట్టిపడిపోయిన నేల మీద ఆ మేలు, తాగే నీటికంటే ఎక్కువ కావచ్చు. కాబట్టి ఏ చెట్టు, ఎక్కడ, ఎంత ఒత్తుగా అన్నదే ప్రశ్న. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు అవి వరసలు వరసలుగా పడిపోయాయి. గెడ్డల ఒడ్డున తడిలో పెరిగే జీలుగు చెట్టు దగ్గర ఆగి కింద నేల తవ్వి చూడండి. ఏప్రిల్లో కూడా చేతికి తేమ తగులుతుంది.

అరకు వెళ్ళేదారిలో ఒక చోట నాకు ఆగడం అలవాటు. గట్టు మీద నిలబడితే ఇటు తూర్పు, అటు పడమర. తూర్పున పడిన చినుకు గోస్తనిలోనో శారదలోనో కలిసి రెండు మూడు రోజుల్లో మన దగ్గర సముద్రం చేరుతుంది. పడమట పడిన చినుకు గెడ్డల్లోంచి మత్స్యగెడ్డలో చేరి, మాచ్‌ఖండ్ అని పిలిపించుకుని, డుడుమ దగ్గర దూకి, సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి వస్తుంది. మధ్యలో కరెంటు చేస్తుంది, కోనసీమ వరి చేలకు వెళ్తుంది. రెండు చినుకుల మధ్య ఎడం ఒక జానెడు ఉండొచ్చు.

ఇక బొర్రా. గోస్తని అంటే ఆవు పొదుగు. ఆవు గుహ కన్నంలో పడిందని, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని అక్కడివాళ్ళు చెప్తారు. 1807లో భూగర్భ సర్వే శాఖ వాళ్ళు కనిపెట్టారని మాత్రం చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ శాఖ పుట్టిందే 1851లో. కాపరి కథకు నేను ఎక్కువ విలువిస్తాను. ఆ గుహల్లోకి ముందు వెళ్ళింది అక్కడివాళ్ళే కదా.

గుహ ఎలా వచ్చిందంటే, వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేళ్ళు, సూక్ష్మజీవులు వదిలిన బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ పులుపుకి చలువరాయి కరుగుతుంది. గుహలోకి చుక్క దిగాక ఆ వాయువు ఎగిరిపోతుంది, కరిగిన సున్నం మళ్ళీ పేరుకుంటుంది. ఏడాదికి మిల్లీమీటరులో చిన్న వంతు. ఆ పొరల్లో ఆనాటి వానల లెక్క దాగి ఉంటుంది. మేఘాలయలో మావ్‌మ్లూ గుహలోని స్తంభం ఒకటి 4200 ఏళ్ళ కిందటి పెద్ద కరువును ఎంత స్పష్టంగా చూపించిందంటే, 2018లో ఆ కాలానికే మేఘాలయన్ అని పేరు పెట్టారు. బస్తర్‌లోని దండక్ గుహ స్తంభం నుంచి మన నడిమి భారతం రుతుపవనాల చరిత్ర రాశారు. బొర్రాలో మనం ఏం చేస్తున్నాం? చేత్తో తడుముతున్నాం. చేతి నూనె అంటినచోట సున్నం సరిగా పేరుకోదు. రంగు దీపాల వేడికి, వెలుతురుకి నాచు పడుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు దీపం పక్కనున్న పచ్చదనం చూడండి. అది గుహది కాదు, దీపానిది.

ఇందాక చెప్పిన ఊట దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. ఆవిడ మనవరాలు ఇంటర్ చదివింది. నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం కొలుస్తోంది. నూట తొంభై పేజీల లాంగ్ నోటుబుక్. ఎడమ వైపు తేదీ, తర్వాత మూడు కొలతల సెకన్లు, ఆ పక్కన ఆమె తనకు తానే పెట్టుకున్న గడి. అందులో "చోళ్ళు చల్లారు", "వలిసె పూత", "రెండు రోజులు ముసురు", "పైన అడవి కాలింది" అని రాస్తుంది. అడవి కాలిందని రాసిన తర్వాత వచ్చిన తొలి వానకు, ఏనాడూ రంగు మారని ఆ ఊట ఒక రోజంతా బూడిద రంగులో వచ్చింది. అదీ రాసింది. ఆ గడి నాకు తట్టలేదు. ఇప్పుడు మేం ఇచ్చే ప్రతి పుస్తకంలోనూ అది గీయించి ఇస్తున్నాం.

గట్టుకు పడమటి వైపు, మత్స్యగెడ్డ మీదకు వాలిన కొండ కింద మూడు ఊటలున్నాయి. వాటికి ఇంకా పుస్తకాలు లేవు. వారానికొకసారి కాకపోయినా నెలకొకసారి వచ్చి, అక్కడి పిల్లలతో కలిసి కొలవడం మొదలుపెట్టేవాళ్ళు నలుగురైదుగురు కావాలి. రెండేళ్ళు వదలకుండా రావాలి. అలా రాగలననుకున్నవాళ్ళు వెనక బల్ల మీదున్న కాగితంలో పేరు రాయండి. వానలు వెనకబట్టాక, కార్తీకంలో మొదటి కొలత. బకెట్లు నేను తెస్తాను.